మందులో మందు కానిది: ఒక అమానత్

సమస్త ప్రశంసలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. వ్యాధిని సృష్టించినవాడూ ఆయనే, స్వస్థతను ప్రసాదించేవాడూ ఆయనే. ఆయన చివరి ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



నేటి జుమా ప్రసంగంలో నేను మీ ముందు ఉంచదలచిన విషయం మీ ప్రతి ఇంట్లో, అలమరాలోనో దిండు కిందనో ఉండే వస్తువును గురించినది. అదే మందుబిళ్ల, క్యాప్సూల్, సిరప్ సీసా. ఇది మస్జిద్‌లో మాట్లాడవలసిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. మింబర్ మీద నిలబడే ఒక మనిషి తొందరపడి పలికిన ఒక్క మాట వల్ల ఒక నమాజీ ప్రాణం మీదకు వచ్చింది. ఆ మనిషిని నేనే. కనుక ఈ విషయం ఇక్కడే చెప్పవలసి ఉంది.

కొన్నేళ్ల క్రితం, మన మస్జిద్‌లో మొదటి వరుసలో నిలబడే ఒక పెద్దాయన అసర్ నమాజు తర్వాత నన్ను ఆపారు. కడుపులో పుండుకు డాక్టరు క్యాప్సూళ్లు రాశారు. "హజ్రత్, ఈ గొట్టం జంతువుల ఎముకలతో చేస్తారంటున్నారు. మింగవచ్చా?" అని అడిగారు. నేను చెప్పులు తొడుక్కుంటూ, "అనుమానం ఉన్నదాన్ని వదిలేయడమే మేలు చాచా" అని చెప్పి వెళ్లిపోయాను. ఆయన నా మాటను ఎంతో శ్రద్ధగా పాటించారు. రోజూ గొట్టం విప్పి, అందులోని తెల్లని చిన్న చిన్న పూసలను కల్వంలో మెత్తగా నూరించి, తేనెలో కలుపుకొని నాకారు. గొట్టం పారేశాను, మందు మాత్రం వేసుకుంటున్నాను అని ఆయన నమ్మకం. మూడు వారాలు గడిచాక ఒక రాత్రి రక్తం కక్కుకున్నారు. అల్లాహ్ దయవల్ల సకాలంలో ఆసుపత్రికి చేర్చారు, బ్రతికి బయటపడ్డారు.

బాపట్ల వెళ్లి ఫార్మసీ చదువుకొని వచ్చిన మా మొహల్లా యువకుడొకడు తర్వాత నాకు ఆ సంగతి విడమరచి చెప్పాడు. "హజ్రత్, ఆ మందు జీర్ణాశయంలోని ఆమ్లానికి తట్టుకోలేదు. అందుకే ఒక్కొక్క పూస మీద ఒక పొర పూస్తారు. ఆ పొర ఆమ్లంలో కరగదు, పేగులోకి చేరాక కరుగుతుంది. పూసలను నూరితే పొర పోతుంది, మందు కడుపులోనే నాశనమైపోతుంది. చాచా మూడు వారాలూ తిన్నది తేనె మాత్రమే."

ఆ మాట విన్న నాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా అబూ దావూద్ గ్రంథంలో నమోదైన ఒక సంఘటన నా కళ్ల ముందు నిలిచింది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు గాయమైంది. ఆపై అతనికి స్నానం విధి అయింది. తయమ్ముమ్ చేయవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్లు ఉన్నప్పుడు అనుమతి లేదని వారు తెలియకుండానే చెప్పారు. అతను స్నానం చేశాడు, మరణించాడు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) ఎంతో బాధపడ్డారు. అతణ్ణి చంపింది వారేనని, తెలియనప్పుడు అడగవలసిందని, అజ్ఞానానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు. సోదరులారా! నేను అడగకుండా చెప్పాను. అందుకే ఆ తర్వాత అడిగాను, చదివాను. ఆ తెలుసుకున్నదే నేడు మీకు చెబుతున్నాను.

బిళ్లలో మందు ఎంత?

థైరాయిడ్ జబ్బుకు వాడే చిన్న బిళ్లను మీలో చాలామంది చూసే ఉంటారు. దాని మీద 50 మైక్రోగ్రాములు అని రాసి ఉంటుంది. బిళ్ల బరువు మాత్రం సుమారు 100 మిల్లీగ్రాములు. అంటే ఆ బిళ్లలో అసలు మందు రెండువేల వంతుల్లో ఒక వంతు. ఆ ఒక్క వంతును విడిగా మన అరచేతిలో పెడితే కంటికి ఆనదు, వేలికి చిక్కదు. తక్కిన బిళ్ల అంతా మందు కానిదే.

ఈ మందు కానిదాన్ని ఔషధ శాస్త్రంలో సహాయక పదార్థం అంటారు. మన పెద్దలకు ఈ భావం కొత్తది కాదు. ఆయుర్వేద వైద్యులు మందును తేనెతోనో నేతితోనో పాలతోనో ఇచ్చి దానిని అనుపానం అన్నారు. యునానీ హకీములు బద్రఖా అన్నారు. బాటసారికి దారి చూపుతూ వెంట నడిచే రక్షకుడని ఆ మాటకు అర్థం. మాజూన్, ఖమీరా చేసేటప్పుడు తేనెతోనో చక్కెరతోనో పట్టే పాకాన్ని ఖివామ్ అంటారు. ఆ పాకం సరిగా కుదరకపోతే లోపలి మూలికలు ఎంత మేలైనవైనా మాజూన్ పులిసిపోతుంది.

మన ధార్మిక వారసత్వంలో ఈ విద్యకు గొప్ప స్థానముంది. క్రీ.శ. 869లో మరణించిన సాబూర్ బిన్ సహల్ మందుల తయారీ విధానాలను గ్రంథస్థం చేసినవారిలో మొదటి తరం వాడు. ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లోని ఐదవ గ్రంథాన్ని పూర్తిగా మిశ్రమ ఔషధాలకే కేటాయించాడు. స్పెయిన్ దేశపు కుర్తుబాకు చెందిన అల్ జహ్రావీ, నల్లచేవ కర్రతోనో ఏనుగు దంతంతోనో అచ్చులు చేసి బిళ్లలు అద్దే పద్ధతిని వర్ణించాడు. నేడు ప్రపంచమంతా పలికే సిరప్ అనే మాట అరబీ షరాబ్ నుంచి, ఎలిక్సిర్ అనే మాట అల్ ఇక్సీర్ నుంచి పుట్టినవే. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రిలో నేటికీ ఖుర్స్, హబ్బ్, సఫూఫ్, షర్బత్, లఊఖ్, మర్హమ్ అనే పేర్లు వినవచ్చు. బిళ్ల, గుళిక, పొడి, పానకం, లేహ్యం, లేపనం అన్నమాట. ఒకే మూలిక ఇన్ని రూపాలు ఎందుకు ధరించాలి? అది ఏ అవయవానికి చేరాలి, ఎంత త్వరగా చేరాలి, ఎంతసేపు నిలవాలి అనేదాన్ని బట్టి రూపం నిర్ణయమవుతుంది.

రూపం వెనుక ఉన్న వివేకం

మనం కృష్ణా పశ్చిమ డెల్టా వాసులం. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు ఎంత ఉన్నా, అది కాలువ గుండా, లాకుల గుండా, తూము గుండా వస్తేనే మన మడికి ఉపయోగం. సమయానికి రాకపోతే నారు ఎండుతుంది. గట్టు తెగి ఒక్కసారిగా వస్తే పైరు కుళ్లుతుంది. మందు నీరు వంటిది. దాని రూపం కాలువ వంటిది. సహాయక పదార్థాలు గట్లు, లాకులు, తూములు.

సాధారణ బిళ్లను చూడండి. అందులో బరువు కోసం లాక్టోజ్ అనే పాల చక్కెరనో, మొక్కల పీచు నుంచి తీసిన సెల్యులోజ్‌నో కలుపుతారు. పొడి విడిపోకుండా పట్టి ఉంచేందుకు ఒక జిగురు పదార్థం వేస్తారు. నీరు తగలగానే బిళ్ల ఉబ్బి పగిలేందుకు మొక్కజొన్న పిండి వంటిది కలుపుతారు. బిళ్ల యంత్రానికి అంటుకోకుండా మెగ్నీషియం స్టియరేట్ అనే నునుపు పొడిని కొద్దిగా చేరుస్తారు. పైన పొర, రంగు వేస్తారు. ఒకటి పట్టి ఉంచాలి, మరొకటి విడగొట్టాలి. ఈ రెండు వ్యతిరేక గుణాలూ ఒకే బిళ్లలో సమతూకంగా ఉంటేనే అది సీసాలో విరగకుండా, కడుపులో కరగకుండా మిగలకుండా ఉంటుంది. సమస్తాన్నీ ఒక నిర్ణీత పరిమాణంతో సృష్టించానని అల్లాహ్ సూరతుల్ ఖమర్‌లో తెలిపాడు. ఆ పరిమాణాన్ని గ్రహించి అనుసరించడమే ఈ విద్య చేసే పని.

కొన్ని బిళ్లల పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., సి.ఆర్., ఇ.ఆర్. వంటి అక్షరాలుంటాయి. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ మందుల్లో ఇవి ఎక్కువ. ఇవి నెమ్మదిగా, గంటల తరబడి మందును విడిచిపెట్టే బిళ్లలు. రోజుకు సరిపడా మందు ఒకే బిళ్లలో ఉంటుంది. దాన్ని నమిలినా, నూరినా, నీళ్లలో కరిగించినా గట్టు తెగినట్లే. రోజంతా రావలసిన మందు ఒక్కసారిగా రక్తంలో చేరుతుంది. రక్తపోటు హఠాత్తుగా పడిపోవచ్చు, చక్కెర పడిపోవచ్చు. ముసలి తల్లి మింగలేకపోతోందని ప్రేమతో నూరి ఇచ్చే బిడ్డలారా! ముందు డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి. అదే మందు ద్రవరూపంలోనో, నూరదగిన బిళ్లగానో దొరకవచ్చు. బిళ్ల మధ్య గీత ఉన్నంత మాత్రాన నూరవచ్చని అనుకోకండి. విరవదగినదేనా అన్నదీ అడిగే తెలుసుకోండి.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకొనే బిళ్ల దీనికి భిన్నమైనది. నాలుక కింది సన్నని చర్మం గుండా అది క్షణాల్లో రక్తంలో చేరాలి. దాన్ని మింగితే పని ఆలస్యమవుతుంది, బలమూ తగ్గుతుంది. పిల్లలకు ఇచ్చే తెల్లని చిక్కటి ద్రవాల్లో మందు కరిగి ఉండదు, తేలుతూ ఉంటుంది, కాసేపటికి అడుగుకు చేరుతుంది. సీసాను కుదపకుండా పోస్తే మొదటి రోజుల్లో బిడ్డకు మందు తక్కువ, చివరి రోజుల్లో ఎక్కువ అందుతుంది. నీళ్లు కలిపి తయారుచేసుకొనే పొడి సిరప్‌లలో కాచి చల్లార్చిన నీటిని గీత వరకే పోయాలి. లేబుల్ మీద చెప్పిన రోజులు దాటాక మిగిలినది పారబోయాలి. ఇంట్లో కూర గరిటెతోనో టీ చెంచాతోనో కొలవకూడదు. సీసాతో ఇచ్చిన మూతకే గీతలుంటాయి.

మందు కాని పదార్థం మారితే మాత్రం ఏమవుతుందని ఎవరైనా అనవచ్చు. 1968-69లో ఆస్ట్రేలియాలో మూర్ఛ రోగులు వాడే ఫెనిటోయిన్ అనే క్యాప్సూళ్లలో, బరువు కోసం కలిపే కాల్షియం సల్ఫేట్‌ను తీసి దాని స్థానంలో లాక్టోజ్ వేశారు. అసలు మందు ఒక్క గురిగింజ ఎత్తు కూడా పెరగలేదు. అయినా రోగులకు తూలు, మగత వచ్చాయి, విషలక్షణాలు కనిపించాయి. పాత పదార్థం మందును కొంత పట్టి ఉంచేది, కొత్తది వదిలివేసింది. శరీరంలో చేరే మందు పెరిగింది. తోడు నడిచేవాడు మారితే ప్రయాణమే మారిపోయింది.

అమానత్‌కు ద్రోహం

సోదరులారా! ఇక గుండె దిటవు చేసుకొని వినవలసిన భాగానికి వస్తున్నాను.

1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మంచి మందును పిల్లలు తాగేందుకు వీలుగా ద్రవరూపంలో చేయదలచింది. ఆ మందు నీటిలో సరిగా కరగదు. దాన్ని కరిగించేందుకు డైఇథిలీన్ గ్లైకాల్ అనే తియ్యని ద్రవాన్ని ఎంచుకొన్నారు. రుచి చూశారు, రంగు చూశారు, వాసన చూశారు. విషమా కాదా అని మాత్రం చూడలేదు. అది మూత్రపిండాలను నాశనం చేసే విషం. వంద మందికి పైగా మరణించారు, వారిలో పసిపిల్లలు ఎందరో. ఆనాటి అమెరికా చట్టంలో, విషం కలిపినందుకు శిక్షించే నిబంధనే లేదు. ఎలిక్సిర్ అని పేరు పెట్టారు గాని అందులో సారాయి లేదు కాబట్టి పేరు తప్పు అన్న నేరం మీద జరిమానా వేశారు. మన పెద్దల ఇక్సీర్ అనే మాట చివరికి అలాంటి కేసులో సాక్ష్యంగా నిలిచింది. ఆ దుఃఖం నుంచే 1938లో అక్కడ కొత్త ఔషధ చట్టం వచ్చింది. మన దేశంలో ఔషధ చట్టం 1940లో వచ్చింది.

చట్టాలు వచ్చాయి, ద్రోహం ఆగలేదు. సిరప్‌లలో వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవాలు మేలైన రకంలో ఖరీదు. పరిశ్రమల్లో వాడే డైఇథిలీన్ గ్లైకాల్ చవక. రెండూ చిక్కగా, రంగు లేకుండా, తియ్యగా ఉంటాయి. కంటితో గుర్తించలేము. ఎక్కడో ఒక వ్యాపారి చవకదాన్ని ఖరీదైన దాని పేరుతో అమ్ముతాడు. ఎక్కడో ఒక తయారీదారు పరీక్ష చేయించకుండా పీపా తెరుస్తాడు. మద్రాసులో 1972లో పిల్లలు మరణించారు. బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 1986లో 14 మంది మరణించారు. ఆ విషయంపై విచారణ జరిపిన లెంటిన్ కమిషన్ పేరు పాతతరం వారికి గుర్తుండవచ్చు. 2022 అక్టోబర్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హెచ్చరిక జారీ చేసింది. గాంబియా అనే చిన్న ముస్లిం దేశంలో 66 మంది పిల్లల మరణాలకు, మన దేశంలో తయారైన నాలుగు సిరప్‌లకు సంబంధం ఉండవచ్చని, ఆ నమూనాల్లో ఈ విషం కనిపించిందని దాని సారాంశం. 2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు ఇరవై మందికి పైగా మరణించారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్లు ప్రభుత్వ పరీక్షలో తేలింది. అనుమతించిన హద్దు 0.1 శాతం. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ సిరప్ వాడవద్దని ప్రజలను హెచ్చరించింది.

ఆ తల్లులను ఒక్కసారి తలచుకోండి. బిడ్డ దగ్గుతోందని, నిద్రపోవడం లేదని, మూత నిండా కొలిచి, నోరు తెరిపించి, తమ చేతులతో తామే పోశారు. బిస్మిల్లాహ్ అని పోసిన తల్లులు గాంబియాలో ఎందరున్నారో అల్లాహ్‌కే తెలుసు.

దైవప్రవక్త (సఅసం) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని నిలదీశారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని ప్రకటించారు. ఇది ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అది గింజల్లో తడి. ఇది పసివాడి మందులో విషం. తూకంలో తగ్గించేవారికి వినాశం తప్పదని సూరతుల్ ముతఫ్ఫిఫీన్ హెచ్చరిస్తోంది. కొనేవాడు తనిఖీ చేయలేని వస్తువులో మోసం చేయడం అన్నిటికంటే నీచమైన తగ్గింపు.

మన పూర్వులు దీన్ని వ్యక్తుల మంచితనానికే వదిలిపెట్టలేదు. బజారులను తనిఖీ చేసే ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. 12వ శతాబ్దంలో షైజరీ రాసిన హిస్బా గ్రంథంలో షర్బత్‌లు చేసేవారిని, మందుల దినుసులు అమ్మేవారిని ఎలా తనిఖీ చేయాలో ప్రత్యేక అధ్యాయాలున్నాయి. ఏ దినుసులో ఏది కల్తీ చేస్తారో, దాన్ని ఎలా కనిపెట్టాలో అందులో వివరించాడు. నేటి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఆ బాధ్యతకు వారసత్వం. మన పిల్లల్లో ఎవరైనా ఆ ఉద్యోగానికి చదువుతుంటే, అది జీతం కోసం మాత్రమే కాదని వారికి చెప్పండి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవాడితో సమానమని సూరతుల్ మాయిదా తెలిపిన పుణ్యంలో వారికి వాటా ఉంది.

హలాల్, హరామ్ ప్రశ్న

ఇప్పుడు చాచా అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆనాడు నేను ఇవ్వవలసిన జవాబు ఇది.

సహాయక పదార్థాల్లో అధిక భాగం మొక్కల నుంచి, ఖనిజాల నుంచి, పాల నుంచి వచ్చేవే. పిండి, సెల్యులోజ్, సుద్ద, చక్కెర, లాక్టోజ్ విషయంలో సందేహానికి తావే లేదు. చర్చ ప్రధానంగా రెండింటి మీద: జెలటిన్, ఆల్కహాల్.

జెలటిన్‌ను జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీస్తారు. మన దేశంలో తయారయ్యే జెలటిన్‌కు ప్రధాన ముడిసరుకు పశువుల ఎముకలు. కొన్ని దేశాల్లో పంది చర్మం కూడా వాడతారు. ఇక్కడ ధార్మిక విద్వాంసుల ముందున్న సూత్రం ఇస్తిహాలా. అంటే ఒక వస్తువు తన స్వభావాన్ని పూర్తిగా కోల్పోయి వేరొక వస్తువుగా మారిపోవడం. సారాయి తనంతట తాను సిర్కాగా మారితే అది ధర్మసమ్మతం. ఉప్పుగనిలో పడి చచ్చిన గాడిద పూర్తిగా ఉప్పుగా మారితే ఆ ఉప్పు పరిశుద్ధమని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు ఉదాహరణ ఇస్తాయి. జెలటిన్ అలా పూర్తిగా మారిందా లేదా అన్నదే ప్రశ్న. కువైట్‌లోని ఇస్లామిక్ వైద్యశాస్త్రాల సంస్థ 1995లో విద్వాంసులను, వైద్యులను ఒకచోట చేర్చి, మారినదేనని, వాడకం ధర్మసమ్మతమని అభిప్రాయపడింది. పంది నుంచి తీసినదాన్ని అంగీకరించని విద్వాంసులూ ఉన్నారు. మన దేశపు ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ కూడా ఈ విషయాన్ని చర్చించింది. భిన్నాభిప్రాయం ఉన్నచోట ఒకరినొకరు నిందించుకోవడం మన పద్ధతి కాదు.

ఆల్కహాల్ కొన్ని సిరప్‌లలో మందును కరిగించేందుకు, చెడకుండా నిలిపేందుకు స్వల్పంగా ఉంటుంది. మత్తు కోసం తాగేదానికి, ద్రాక్ష, ఖర్జూర సారాయికి సంబంధించిన ఆదేశం స్పష్టం. మందులో కలిసే పరిశ్రమల ఆల్కహాల్, మన దేశంలో ఎక్కువగా చెరకు మడ్డి నుంచి వచ్చేది, మత్తు కలిగించనంత స్వల్పంగా ఉన్నప్పుడు వైద్య అవసరానికి అనుమతి ఉందని హనఫీ విద్వాంసులు అనేకులు ఫత్వా ఇచ్చారు.

కనుక క్రమం ఇది. మొదట అడగండి: డాక్టర్ గారూ, ఇదే మందు బిళ్లగా దొరుకుతుందా? మొక్కల సెల్యులోజ్‌తో చేసిన క్యాప్సూల్ దొరుకుతుందా? ఆల్కహాల్ లేని సిరప్ ఉందా? చాలాసార్లు దొరుకుతుంది. దొరికితే అదే తీసుకోండి. నిషిద్ధ వస్తువులతో వైద్యం చేసుకోవద్దన్న ప్రవక్త (సఅసం) ఉపదేశాన్ని గౌరవించే మార్గం అదే. దొరకకపోతే, సమర్థుడైన వైద్యుడు ఇదే అవసరమని చెబితే, మందు మానకండి. గత్యంతరం లేనివాడు హద్దు మీరకుండా ఉపయోగించుకొంటే పాపం లేదని సూరతుల్ బఖరా స్పష్టం చేస్తోంది. మీ చేతులతో మిమ్మల్ని మీరు వినాశంలోకి నెట్టుకోవద్దన్న ఆజ్ఞ కూడా ఆ సూరాలోనే ఉంది. మీ అంతట మీరు గొట్టం విప్పడం, పూసలు నూరడం, మోతాదు ఆపడం మాత్రం చేయకండి. క్షయకు, మూర్ఛకు, మధుమేహానికి మందు మధ్యలో ఆపినవాడు సందేహం నుంచి తప్పించుకోబోయి నిశ్చయమైన హానిలో పడతాడు.

వాట్సాప్‌లో ఫలానా మందు హరామ్ అని వచ్చే జాబితాల విషయంలోనూ జాగ్రత్త. వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోవాలని సూరతుల్ హుజురాత్ ఆదేశం. ఆ జాబితా పంపినవాడు రేపు మీ తల్లికి పక్షవాతం వస్తే బాధ్యత వహించడు.

రమజాన్‌లో మరో ప్రశ్న వస్తుంది. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ 1997లో కంటి చుక్కలు, పోషకాలు కాని ఇంజెక్షన్లు రోజాను భంగపరచవని తీర్మానించింది. ఉబ్బసపు ఇన్‌హేలర్ విషయంలో అభిప్రాయభేదం ఉంది, మన ప్రాంతపు హనఫీ విద్వాంసులు అనేకులు భంగమవుతుందనే చెబుతారు. కాని ఊపిరి ఆడనప్పుడు, గుండెనొప్పి వచ్చినప్పుడు ఆలోచిస్తూ కూర్చోకండి. మందు వాడండి. రోజా తర్వాత ఖజా చేసుకోవచ్చు. దీర్ఘవ్యాధి గలవారు రమజాన్‌కు ముందే డాక్టరును కలిసి, సహరీకి, ఇఫ్తార్‌కు కుదిరే రూపంలో మందు మార్పించుకోండి. రోజుకు మూడుసార్లు వేసుకొనే బిళ్లకు బదులు ఒక్కసారి వేసుకొనే నెమ్మది బిళ్ల ఉండవచ్చు. అల్లాహ్ ఈ విద్యలో ఉంచిన సౌలభ్యం అది.

మనం చేయవలసినది

తల్లులారా, తండ్రులారా! రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వవద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయవద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. పసిపిల్లల దగ్గు చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. షాపులో అడిగి సీసా తెచ్చుకోకండి. ఏ మందు కొన్నా బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. సిరప్ తాగిన బిడ్డ మూత్రం పోయడం తగ్గినా, ఆగిపోయినా, వాంతులు, మగత కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. సీసాను వెంట తీసుకొని పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

మందుల షాపు నడిపే సోదరులారా! మీ కౌంటర్ మీద ఉన్నది సరుకు కాదు, అమానత్. బిల్లు లేని చవక సరుకు తెచ్చి అమ్మకండి. వెనక్కు పిలిచిన బ్యాచ్‌ను అదే రోజు అరలోంచి తీసివేయండి. ముసలివారికి బిళ్ల చేతిలో పెట్టేటప్పుడు, నూరకూడనిదైతే, "నూరకండి, నమలకండి, అలాగే మింగండి" అని ఒక్క వాక్యం చెప్పండి. ఆ ఒక్క వాక్యం సదఖా. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసు చెబుతోంది. ఊళ్లో సూదిమందులు ఇచ్చే సోదరులు ఆ మాటను గుర్తుంచుకోవాలి.

నా తోటి ఇమాములకు కూడా ఒక విన్నపం. జనం మనల్ని నమ్మి అడుగుతారు. తెలియని విషయాన్ని తెలియదని చెప్పడం మన హోదాకు భంగం కాదు. తెలియనప్పుడు తెలిసినవారిని అడగమని ఖుర్ఆన్ ఆదేశించింది. ఆ తెలిసినవారిలో ముఫ్తీతో పాటు ఫార్మసీ చదివిన కుర్రవాడు కూడా ఉన్నాడు.

ఆ పెద్దాయన ఆసుపత్రి నుంచి వచ్చాక నేను వారి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన నా చేయి పట్టుకొని, "హజ్రత్, మీరు చెప్పింది నా మేలు కోరే కదా" అన్నారు. మేలు కోరడం మాత్రమే చాలదని, తెలిసి కోరాలని నాకు నేర్పిన మాట అది. ఆ తర్వాత కూడా ఆయన మొదటి వరుసలోనే నిలబడ్డారు, క్యాప్సూల్ అలాగే మింగారు.

ఓ అల్లాహ్! మా రోగులకు సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. మందు తయారుచేసేవారి హృదయాల్లో నీ భీతిని నింపు. మందు పేరుతో విషం తాగి నీ వద్దకు చేరిన పసిబిడ్డల తల్లిదండ్రులకు సహనాన్ని, ఉత్తమ ప్రతిఫలాన్ని ఇవ్వు. మాకు తెలియని దాన్ని తెలియదని ఒప్పుకొనే ధైర్యాన్ని, తెలిసినవారిని అడిగే వినయాన్ని అనుగ్రహించు. ఆమీన్.